దానం మీది, దక్షిణ మాది

అమెరికాలో గిఫ్ట్ టాక్స్ కట్టిన తెలుగువాణ్ణి ఒకణ్ణి చూపించమనండి. కాగడా పెట్టి వెతకాలి. 2025 లెక్క ప్రకారం ఒక మనిషి జీవితకాలం మొత్తంలో కోటీ 39 లక్షల 90 వేల డాలర్ల దాకా పంచిపెట్టినా పైసా పన్ను లేదు. 2026లో ఆ హద్దు కోటీ 50 లక్షలకి పెరిగింది. అదీ తలకి. భర్తకో కోటిన్నర, భార్యకో కోటిన్నర. ఫ్రిస్కోలో ఇల్లూ, ఎడిసన్‌లో అద్దెకిచ్చిన ఇంకో ఇల్లూ, రిటైర్మెంట్ ఖాతాలూ, అత్తగారు పెట్టిన బంగారమూ అన్నీ కాటాలో వేసినా మామూలు సంసారి ఆ దరిదాపులకి పోడు.

అంచేత ఫారం 709 అనే గిఫ్ట్ టాక్స్ రిటర్నులో కట్టాల్సిన పన్ను గడిలో పడేది సున్నా. పోయినేడూ సున్నా, ఈ ఏడూ సున్నా. ఆ సున్నాని తీసుకెళ్లి ఆ గడిలో కూర్చోబెట్టినందుకు మన టాక్స్ ప్రిపేరర్ గారు పుచ్చుకునేది మాత్రం సున్నా కాదు. అదెంతో ముందుగా చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. ఒకే కాగితాలు పట్టుకుని మూడు ఆఫీసులు ఎక్కితే ఒకచోట 150 అంటారు, ఒకచోట 700, ఇంకోచోట 2,500. మూడు చోట్లా నింపే గడులు అవే, వచ్చే జవాబూ అదే.

నిజానికి ఈ పన్ను మనకోసం పుట్టింది కాదు. 1924లో తెచ్చారు, 1926లో ఎత్తేశారు, 1932లో మళ్లీ తెచ్చారు. చచ్చేలోపు ఆస్తంతా పిల్లల పేర రాసేసి ఎస్టేట్ టాక్స్ ఎగ్గొట్టే కోటీశ్వరుల్ని పట్టుకోవడానికి వేసిన వల అది. కోటీశ్వరులు ట్రస్టులు పెట్టుకుని వల పక్కనుంచి నడిచిపోయారు. చిక్కింది కూతురికి డౌన్ పేమెంట్ సర్దిన ప్రాజెక్ట్ మేనేజర్. ఏడాదికి ఒక్కొక్కరికి 19,000 డాలర్ల దాకా ఇస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు, దాటితే 709 వేయాలి. కాలేజీ ఫీజు నేరుగా కాలేజీకి, ఆస్పత్రి బిల్లు నేరుగా ఆస్పత్రికి కడితే అది లెక్కలోకే రాదు. వేయాల్సినవాడు ఇచ్చినవాడే తప్ప పుచ్చుకున్నవాడు కాదు. ఈ నాలుగు ముక్కలూ గుమ్మం దగ్గరే చెప్పేస్తే సగంమంది అట్నుంచి అటే ఇంటికి పోతారు. అందుకే కుర్చీ వేసి కూర్చోబెడతారు.

ఫీజు ఎలా తేలుతుందో ఒకసారి దగ్గరగా చూడండి.

"ఎవరికిచ్చారండీ?"

"మా అమ్మాయికండీ. షార్లట్‌లో ఇల్లు కొనుక్కుంది."

"ఎంతిచ్చారు?"

"నలభై వేలు."

"ఓ, సింపులేనండీ. రెండొందలిద్దురుగాని."

అదే ప్రశ్నకి 'లక్షా నలభై వేలు' అని చెప్పి చూడండి. కుర్చీ కాస్త ముందుకి జరుగుతుంది, గొంతు తగ్గుతుంది. "ఇది కాంప్లెక్స్ అండీ. లైఫ్‌టైమ్ ఎగ్జెంప్షన్‌లోకి వెళ్తుంది మరి. వెయ్యి దాకా అవుతుంది." నలభై వేలలో 19,000 దాటినదీ అందులోకే వెళ్లింది. అప్పుడు నోరు మెదపలేదు. నింపేది ఏమిటని చూస్తే అమ్మాయి పేరు, చిరునామా, మీకేమవుతుంది, ఏ తేదీన ఇచ్చారు, ఎంత. 40,000కి అయిదు అంకెలు, 1,40,000కి ఆరు. ఆ ఆరో అంకె టైపు చేసిన కష్టానికి ఎనిమిది వందలు. మొహం చూసి బొట్టు పెట్టడమని మన పెద్దలన్నది ఇదే కాని, వీరికి మొహం కూడా అక్కర్లేదు. మీ 1040 వేసేది వీరే, మీ జీతం కాగితం వీరి కంప్యూటర్‌లోనే ఉంది.

శాతం లెక్కన తీసుకుంటున్నారా అని అడిగితే మాత్రం నొచ్చుకుంటారు. అసలు రిటర్ను తయారీకి ఫలితాన్ని బట్టి ఫీజు తీసుకోకూడదని సీపీఏల నియమావళిలో ఉంది. రిఫండులో ఇంత నాది అనకూడదు. మరి బహుమతి సైజుని బట్టి? సైజు ఫలితం కాదు కదండీ అని చిరునవ్వు. దాన్ని 'వాల్యూ బిల్లింగ్' అంటారట. ఎవరి సొమ్ముకి ఎవరు వాల్యూ కట్టారో అడక్కండి.

ఇంకా రుచి తెలియాలంటే షేర్లు ఇచ్చి చూడండి. ఒక తండ్రి తన దగ్గరున్న మైక్రోసాఫ్ట్ షేర్లు కొన్ని కొడుక్కి బదిలీ చేశాడనుకుందాం. వాటి విలువ ఎంతని వేయాలి? ఆ రోజు మార్కెట్‌లో అత్యధిక ధర, అత్యల్ప ధర తీసుకుని రెండూ కలిపి సగం చేయాలి. అంతే నియమం. ఆ రెండు అంకెలూ ఇంటర్నెట్‌లో ఊరికే దొరుకుతాయి. శనివారం ఇచ్చాడనుకోండి, శుక్రవారం సగటూ సోమవారం సగటూ తీసుకుని వాటి సగటు చేయాలి. మా ఊళ్లో అయిదో తరగతి పిల్లాడు పలక మీద చేసే లెక్క. అది బిల్లులోకి ఎక్కేసరికి 'సెక్యూరిటీస్ వాల్యుయేషన్ అండ్ అనాలిసిస్, గంటన్నర' అవుతుంది. గంటకి మూడు వందల చొప్పున నాలుగు వందల యాభై. రెండుతో భాగించడానికి గంటన్నర పట్టే మనిషికి నా ఆదాయప్పన్ను కూడా అప్పగించానే అని అప్పుడు గుండె గుభేలుమనాలి గాని, మనం సంతకం పెట్టి కార్డు గీస్తాం.

పోనీ ఆ గంటన్నరలో పనికొచ్చే మాట ఒకటి చెప్పాడా? తండ్రి ఆ షేర్లు కొన్న పాత ధరే కొడుక్కి కూడా సంక్రమిస్తుంది. రేపు కొడుకు అమ్మితే ఇన్నేళ్ల లాభమంతా వాడి నెత్తినే పడుతుంది. కొన్న ధర ఎంతో రాయడానికి 709లోనే ఒక గడి ఉంది. గడి నింపాడు, సంగతి చెప్పలేదు. తండ్రి షేర్లకి బదులు డబ్బు ఇచ్చుంటే బాగుండేదా అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. తట్టితే దానికి వేరే బిల్లు.

దీని తర్వాతది జంట వేట. భార్యాభర్తలు కలిసి బహుమతి ఇచ్చినట్టు చూపించుకునే వెసులుబాటు చట్టంలో ఉంది, స్ప్లిట్టింగ్ అంటారు. న్యూజెర్సీలో ఒకాయన తన ఖాతాలోంచి కూతురికి 38,000 ఇచ్చాడు. భార్య సమ్మతిస్తే ఆయనది 19,000, ఆమెది 19,000. పన్నూ లేదు, మినహాయింపులో కోతా లేదు. 709ని జాయింటుగా వేయడం కుదరదన్న మాట నిజమే కాబట్టి ప్రిపేరర్ గారు వెంటనే "ఇద్దరికీ చెరొకటి వేయాలండీ, రెండు రిటర్నులు" అని రెండు ఫీజులు రాస్తాడు. ఆ ఏడు ఒక్కరే బహుమతులిచ్చి, ఎవరికీ రెండు 19 వేలు దాటకుండా, ఇచ్చింది ఇచ్చినట్టు చేతికి అందే బహుమతి అయితే ఒక్కరు వేస్తే చాలు. రెండోవారు సమ్మతి సంతకం పెడితే సరి. ఇది ఫారంతో పాటు వచ్చే సూచనల్లోనే ఉంది. చదవడానికి డబ్బులు అడగరు.

అసలు ఆ ఇద్దరూ ఎవరి ఖాతాలోంచి వారు 19,000కి చెరో చెక్కు రాసి ఉంటే ఏ రిటర్నూ లేదు. రెండో చెక్కు కాగితం ఖరీదు ఎంతో మీరే చెప్పండి.

ఇక టెక్సాస్‌కి రండి. అక్కడ పెళ్లయ్యాక సంపాదించిన జీతం ఇద్దరి ఉమ్మడి సొత్తు. కాలిఫోర్నియాలోనూ అంతే, వాషింగ్టన్‌లోనూ అంతే. ఉమ్మడి సొమ్ములోంచి 38,000 ఇస్తే చట్టమే చెరి సగం చేసి లెక్కపెడుతుంది. స్ప్లిట్టింగ్ అక్కర్లేదు, 709 అక్కర్లేదు. ఇర్వింగ్‌లో, ఫ్రీమాంట్‌లో, బెల్‌వ్యూలో మనవాళ్లు ఇన్ని వేలమంది ఉన్నారు గదా, ఎంతమందికి ఈ మాట చెప్పి పంపించారంటారు? "ఎందుకైనా మంచిది, సేఫ్‌సైడ్ వేసేద్దామండీ." సేఫ్ ఎవరికో బిల్లు చూస్తే తెలుస్తుంది.

అక్కర్లేని చోట ఇంత జాగ్రత్త చూపించే మహానుభావుడు అక్కరున్న చోట నోరెత్తడు. భర్తకి సిటిజన్‌షిప్ వచ్చింది, భార్య ఇంకా గ్రీన్ కార్డు మీదే ఉంది. సిటిజన్ అయిన భార్యకి ఎంతిచ్చినా అడిగేవాడు లేడు. కాని సిటిజన్ కాని భార్యకి 2025లో 1,90,000 డాలర్లు దాటి ఇస్తే 709 వేయాలి. ఇండియాలో స్థలం అమ్మగా వచ్చిన డబ్బు పెళ్లాం పేర ఫిక్స్‌డ్‌లో వేసిన పెద్దమనిషిని "ఆవిడ సిటిజనేనా అండీ?" అని అడిగిన ప్రిపేరర్ ఎక్కడైనా ఉంటే ఆయనకి నా నమస్కారం. ఫీజు ఎంతయినా న్యాయమే.

ఇంకో గడి ఉంది ఆ ఫారంలో. డామిసైల్, అంటే మీ శాశ్వత నివాసం. ఆదాయప్పన్నుకి మీరు ఇక్కడివారా కాదా అన్నది చాలామందికి రోజులు లెక్కపెట్టి తేలుస్తారు. గిఫ్ట్ టాక్స్‌కి రోజులు చాలవు, ఉద్దేశం కావాలి. ఇక్కడే ఉండిపోతారా, ఎప్పటికైనా వెళ్లిపోతారా? ఉండిపోతామంటే ఒక చట్టం. వెళ్లిపోతామంటే ఆ కోటీ చిల్లర మినహాయింపే లేదు, అలాగని షేర్లు బహుమతిగా ఇస్తే పన్నూ లేదు. గ్రీన్ కార్డు వరసలో పదిహేనేళ్లుగా నిలబడ్డ హెచ్-1బీ మనిషిని ఈ ప్రశ్న అడిగి చూడండి. పొద్దున అమ్మతో ఫోన్‌లో "ఇంకో రెండేళ్లమ్మా, వచ్చేస్తాం" అంటాడు. సాయంత్రం కాలనీ మీటింగులో కంచె ఎంత ఎత్తుండాలో ముప్పై ఏళ్ల ముందుచూపుతో వాదిస్తాడు. వాడి మనసులో ఏముందో వాడికే తెలియదు. మన ప్రిపేరర్ గారు మాత్రం అర సెకనులో తేల్చేస్తారు. డ్రైవింగ్ లైసెన్సు మీది చిరునామా కొట్టి ట్యాబ్ నొక్కుతారు. ఇంత గొప్ప మనస్తత్వ పరిశోధనకి ఆయన విడిగా బిల్లు వేయలేదంటే అది దయ.

ఫీజు సంగతికి మళ్లీ వద్దాం. ఎవరికి వారు ఇంత ఇష్టారాజ్యంగా అడుగుతున్నారు గదా, అందరూ కలిసి ఒక పట్టిక వేసుకోకూడదా అని కొందరికి అనిపించవచ్చు. ఆ ముచ్చట వకీళ్లు ఎప్పుడో తీర్చుకున్నారు. 1971లో వర్జీనియాలో, ఈ రోజు తెలుగువాళ్లు కిక్కిరిసిన ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోనే, గోల్డ్‌ఫార్బ్ దంపతులు ఇల్లు కొనబోయారు. టైటిల్ పరిశీలనకి వకీలు కావాలి. ఫీజు ఇంటి ధరలో ఒక శాతం అన్నాడు మొదటాయన, బార్ సంఘం అచ్చువేసిన కనీస ఫీజుల పట్టిక అదేనని. వాళ్లు 36 మంది వకీళ్లకి ఉత్తరాలు రాశారు. 19 మంది జవాబిచ్చారు. ఒక్కడూ దిగలేదు. ఇది ధరలు కూడబలుక్కోవడమే, చట్టవిరుద్ధం అని 1975లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంటి కప్పు పెద్దదైనంత మాత్రాన దస్తావేజులు చదవడం కష్టమవదు గదా.

అప్పటినుంచి పట్టికలు లేవు. ఉన్నది సంఘాల విందుల్లో భోజనం ప్లేటు పట్టుకుని పక్కవాణ్ణి అడగడం. "709కి మీరెంత తీసుకుంటున్నారండీ?" ఇది కుమ్మక్కు కాదు, కుశలప్రశ్న. పక్కాయన తాను తీసుకునేదానికి ఒక మూడొందలు కలిపి గొప్పగా చెబుతాడు. ఈయన ఇంటికెళ్లి తన ధర ఆ మేరకి పెంచుతాడు. మరుసటి ఏడు ఆయన ఈయన్ని అడుగుతాడు.

దీన్ని కనిపెట్టి చూసేవాళ్లు లేరా అంటారేమో. ఐఆర్ఎస్ ముందు ప్రాక్టీసు చేసే సీపీఏలూ, వకీళ్లూ, ఎన్రోల్డ్ ఏజెంట్లూ మనస్సాక్షి ఒప్పని ఫీజు తీసుకోరాదని సర్క్యులర్ 230 అనే నిబంధనావళి శాసిస్తుంది. ఎవరి మనస్సాక్షి అన్నది మాత్రం అందులో విప్పి చెప్పలేదు. ఈ మూడు రకాల్లోనూ లేని మామూలు ప్రిపేరర్లకి పరీక్ష పెడతామని ఐఆర్ఎస్ ముందుకొస్తే ఆ అధికారం నీకు లేదని 2014లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఇరవై డాలర్ల లోపు కట్టి ఒక నంబరు తెచ్చుకుంటే ఫెడరల్ ప్రభుత్వం తరఫున ఇంకే అడ్డూ లేదు.

"మాకు రిస్కు ఎక్కువండీ, తప్పయితే జరిమానా మా మీద పడుతుంది" అనేది చివరి అస్త్రం. ఉంది, నిజమే. ఆధారం లేని వైఖరి తీసుకుని పన్ను తక్కువ చూపిస్తే ప్రిపేరర్‌కి వెయ్యి డాలర్లు, లేదా ఆ రిటర్ను మీద సంపాదించిన దానిలో సగం, ఏది ఎక్కువైతే అది వడ్డిస్తారు. కాని ఎటు తిప్పినా సున్నా వచ్చే రిటర్నులో పన్ను ఇంకెంత తక్కువ చూపిస్తారు బాబూ? ఆలస్యపు జరిమానా కూడా కట్టాల్సిన పన్నులో శాతమే. ఆ శాతాన్ని సున్నా మీద వేసి చూసుకోండి.

సరే, ఎదుటివాణ్ణి ఇంతసేపు అన్నాను గదా, మన సంగతీ కొంత. ఏప్రిల్ 13 రాత్రి పదకొండింటికి "అన్నా, చిన్న డౌట్" అని వాట్సాప్ పెట్టి, వంకరగా తీసిన పాస్‌బుక్ ఫొటో పంపి, పొద్దున్నే "అన్నా చూశావా?" అని అడిగేది మనమే. పదేళ్ల కింద ఇచ్చిన బహుమతులేమైనా ఉన్నాయా అంటే "లేవు" అని చెప్పి, రిటర్ను పోస్టయ్యాక "2014లో పెద్దాడికి కొంత ఇచ్చాంగా" అని గుర్తుచేసుకునేదీ మనమే. పాత 709లన్నీ కొత్తదాంట్లో ఏకరువు పెట్టాలి. ఆ తవ్వకం కష్టమైన పనే. ఆ 'చిన్న డౌట్'ల ఖరీదంతా ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి గదా, 709 దొరికింది.

నిజమైన పని ఉన్నచోట ఫీజు గురించి నేను కిమ్మనను. గుంటూరు పక్కన ఉన్న ఇళ్ల స్థలాన్ని అమెరికాలో స్థిరపడ్డ అన్న ఊళ్లో ఉన్న తమ్ముడికి గిఫ్ట్ డీడ్ రాశాడనుకోండి. ఇక్కడివాడి బహుమతి ఏ దేశంలో ఉన్నా ఇక్కడ లెక్కే. డీడులో ఉండేది ప్రభుత్వ విలువ. 709 అడిగేది బలవంతం లేకుండా కొనేవాడు, బలవంతం లేకుండా అమ్మేవాడు ఒప్పుకునే ధర. ఈ రెండింటి మధ్య ఎంత దూరమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అరుగు మీద కూర్చున్న ఏ డాక్యుమెంట్ రైటర్‌నైనా అడగండి. పక్క ప్లాట్లు ఎంతకి పోయాయో కనుక్కోవాలి, గజం లెక్క డాలర్లలోకి మార్చాలి, ఎలా లెక్కకట్టామో విడమరిచి రాయాలి. అలా సరిగ్గా వెల్లడించకపోతే ఐఆర్ఎస్‌కి ఉన్న మూడేళ్ల గడువు మొదలే కాదు. మీరు పోయాక కూడా తవ్వొచ్చు. ఈ పనికి వెయ్యి అడిగినా, రెండు వేలు అడిగినా సబబే. చిత్రమేమిటంటే, ఇంత పని ఉన్న రిటర్నుకి తక్కువ అడిగి, ఉన్నదున్నట్టు ప్రభుత్వ విలువే దించేసి పంపించేవాళ్లు కూడా వీళ్లే.

అవతలి వైపు నుంచి వచ్చే డబ్బుకీ ఒక ఫారం ఉంది, 3520. విజయవాడలో తల్లిదండ్రులు పొలం అమ్మి కొడుక్కి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి పంపితే ఆ కొడుకు అది వేయాలి. ఇక్కడ మాత్రం పుచ్చుకున్నవాడిదే బాధ్యత. పన్ను లేదు, ఊరికే సమాచారం. వేయకపోతే జరిమానా బహుమతిలో పాతిక శాతం దాకా. ఈ ఒక్క అంకె చాలు, ప్రిపేరర్ దాన్ని మెల్లగా రెండుసార్లు పలికితే తల్లికి విజయవాడలో బీపీ పెరుగుతుంది. ఇండియా తన గిఫ్ట్ టాక్స్ చట్టాన్ని 1998 అక్టోబర్ 1 నుంచి ఎత్తేసింది గదా, "కన్నకొడుక్కి ఇచ్చుకుంటే అమెరికావాడికేం నొప్పి?" అని ఆవిడ గోల. ఆలస్యంగా వేసినవాళ్లు చెప్పుకునే కారణం చదవకుండా ఆ జరిమానా ఆటోమేటిగ్గా వేయడం మానేస్తామని 2024 అక్టోబర్‌లో ఐఆర్ఎస్ కమిషనరే ప్రకటించాడు. భయానికి కట్టిన ధర ఆ తర్వాత తగ్గిందేమో మీకు తెలిసినవారిని అడిగి చూడండి.

కాబట్టి ఈసారి వెళ్లినప్పుడు ఎంత ఇచ్చారో చెప్పకముందే ఫీజు ఎంతో కాగితం మీద రాయించుకోండి. గంటలెక్కనా, ఫారం లెక్కనా అడగండి. రెండు 709లు అంటే రెండోది ఎందుకో అడగండి. మీరుండేది టెక్సాస్ అయితే మొదటిది కూడా ఎందుకో అడగండి. టర్బోటాక్స్‌లో 709 లేదు గాని, ఐఆర్ఎస్ సైటులో ఫారమూ ఉంది, సూచనలూ ఉన్నాయి, రెండూ ఉచితం. "టైమైపోయిందండీ, అర్జెంటు చార్జీ పడుతుంది" అని ఏప్రిల్ రెండో వారంలో ఫోనొస్తే కంగారు పడకండి. మీ ఆదాయప్పన్నుకి ఫారం 4868 వేసి గడువు అడిగితే 709కి కూడా అక్టోబర్ 15 దాకా గడువు దానంతటదే వస్తుంది. దానికి ఐఆర్ఎస్ ఒక్క డాలరు కూడా తీసుకోదు.